“అన్నీ దొరుకుతాయి” అన్న మాట నమ్మి కూర్చోకండి

ఇంటిల్లిపాదితో ప్రయాణం పెట్టుకున్నవాళ్లు వెళ్లేముందు ఇది ఒకసారి చదవండి. హోటల్ పేరు రాయడం లేదు. ఆ ఒక్కటి తప్పించుకున్నా అలాంటిది ఇంకొకటి ఎదురవుతుంది, అందుకని.

మేం ఏడుగురం. అత్తయ్య శుద్ధ శాకాహారి. మామగారికి షుగర్, భోజనానికి ముందు మాత్ర. మా ఆయనకీ మరిదికీ కొత్త ఊరు వెళ్తే చేప తినాల్సిందే. మా పెద్దదానికి నువ్వులు పడవు. ఇష్టం లేక కాదు, అలర్జీ. చిన్నోడికి నాలుక మీద కాస్త కారం తగిలితే ఇక ఆ పూట భోజనం లేనట్టే. నేను ఏదైనా తింటాను, ఎవరూ అడగరు కాబట్టి.

మధ్యాహ్నం ఒకటిన్నర దాటింది. అందరికీ ఆకలి, ఎండ. టాక్సీ డ్రైవర్ “ఇక్కడ అన్నీ దొరుకుతాయి” అంటూ ఒక హోటల్ ముందు ఆపాడు. టూరిస్టులు తిరిగే చోట్ల ఇలా తీసుకొచ్చినందుకు డ్రైవర్లకు కమిషన్ ముడుతుందని వినే ఉన్నాం. ఆకలి మీద ఉన్నప్పుడు అవేవీ గుర్తురావు. ఫోన్‌లో చూస్తే రేటింగ్ బాగుంది, లోపలికి నడిచాం.

మెనూ కార్డు చిన్న పుస్తకమంత ఉంది. పాతిక పేజీలు, ప్రపంచంలోని వంటలన్నీ. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. ఒక్క వంటగది రోజూ అన్ని రకాలు తాజాగా వండలేదు. సగం ఫ్రిజ్‌లోంచి వస్తాయి, మిగతా సగం “ఈరోజు లేదండీ”. మాకూ అదే జరిగింది, అడిగిన నాలుగింటిలో మూడు లేవు.

“ఎంతసేపు పడుతుంది?” అంటే “పది నిమిషాలు” అన్నాడు సర్వర్. ఆ మాట నమ్మి మామగారు మాత్ర వేసేసుకున్నారు. నలభై నిమిషాలైనా ప్లేటు రాలేదు. ఆయన ఉన్నట్టుండి చిన్నోడి మీద విసుక్కున్నారు. ఆకలికి కోపం వచ్చిందనుకున్నాం. తర్వాత చూస్తే నుదుటి మీద చెమట, గ్లాసు పట్టుకున్న చేతిలో వణుకు. మీటర్ పెడితే 58. 70 కంటే తగ్గితేనే ప్రమాదమని డాక్టర్ ఎప్పుడో చెప్పారు. టేబుల్ మీదున్న చక్కెర మూడు నాలుగు చెంచాలు నీళ్లలో కలిపి తాగించాం. పావుగంట తర్వాత మళ్లీ చూస్తే 84. నా బ్యాగులో చాక్లెట్ ఉంది కానీ, అందులోని కొవ్వు వల్ల తీపి ఒంటికి పట్టడం ఆలస్యమవుతుందట. ఇలాంటప్పుడు మామూలు చక్కెరో పళ్లరసమో త్వరగా పనిచేస్తుంది. కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకున్నాక, ఇన్సులిన్ తీసుకున్నాక భోజనం ఆలస్యమైతే రక్తంలో షుగర్ ఇలా పడిపోతుంది. మీ మందు ఆ రకమో కాదో బయలుదేరేముందే డాక్టర్‌ను అడిగి ఉంచుకోండి. భోజనానికి ముందు వేసుకునే మందును సర్వర్ చెప్పిన టైమ్ చూసి మాత్రం వేసుకోకండి. ప్లేటు కళ్లబడాలి.

ఈ కంగారులో ఉండగానే సూప్ వచ్చింది. వెజిటబుల్ సూప్ అని మెనూలో ఆకుపచ్చ గుర్తు కూడా ఉంది. అత్తయ్య రెండు చెంచాలు తాగి గిన్నె పక్కన పెట్టేశారు. ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. మా ఆయన లేచి వంటగది గుమ్మం దాకా వెళ్లి అడిగితే తేలింది, కూరగాయలు కూరగాయలేగానీ ఉడికించింది కోడి ఎముకలు మరిగించిన నీళ్లలో, అంటే స్టాక్‌లో. సర్వర్ అబద్ధం చెప్పాడని నేను అనను. ముక్క లేకపోతే అది వెజ్ అని అతని లెక్క. అందుకే “ఇది వెజ్జేనా?” అని అడగడం దండగ. “సూప్‌లో పోసింది మామూలు నీళ్లా, స్టాకా?”, “సాస్‌లో చేప గానీ ఆల్చిప్పలు గానీ ఉన్నాయా?”, “చేపలు వేయించిన నూనెలోనే ఆలుగడ్డలూ వేయిస్తారా?” అని విడివిడిగా అడగాలి. జెల్లీల్లో, కొన్ని తీపి పదార్థాల్లో వాడే జెలటిన్ కూడా జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి వచ్చేదే. శాకాహారులు అక్కడా అడగాలి.

పెద్దదాని విషయం ఇంకా ఘోరం. “నువ్వులు ఉంటాయా?” అంటే సర్వర్ వంటగది వైపు కూడా చూడకుండా “ఉండవు మేడమ్” అన్నాడు. బ్రెడ్ వచ్చింది, మీద తెల్లగా నువ్వులు. ఇదేంటంటే “దులిపి తెస్తాను” అని ప్లేటు తీసుకోబోయాడు. అలర్జీ ఉన్నవాళ్లకు చాలా కొద్దిపాటి ప్రొటీన్ తగిలినా చాలు, నిమిషాల్లో పెదాలు వాచి ఊపిరి అందని పరిస్థితి రావచ్చు. గింజ కంటికి కనిపించింది కాబట్టి బతికిపోయాం. పొడి చేసి సాస్‌లో కలిపి ఉంటే? నా తప్పూ చెప్పుకోవాలి. అలర్జీ ముదిరితే వెంటనే ఇవ్వాల్సిన దాని అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ను లాడ్జిలో సూట్‌కేసులో ఉండిపోయింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

అన్ని దేశాల్లో ఈ విషయంలో ఒకే రూలు ఉండదు. యూరోపియన్ యూనియన్‌లో 14 రకాల అలర్జీ పదార్థాల గురించి హోటళ్లు కూడా కస్టమర్లకు చెప్పి తీరాలి. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వులు తొమ్మిదో ముఖ్యమైన అలర్జీ పదార్థంగా చేరాయిగానీ, ఆ రూలు ప్రధానంగా ప్యాకెట్ల మీది లేబుళ్లకు. కాబట్టి ఎక్కడికి వెళ్లినా ఆ ఊరి భాషలో “మా పాపకు నువ్వులు ప్రాణాంతకం, నూనె, పొడి కూడా వద్దు” అని ఒక చీటీ రాయించుకుని వంటమనిషి చేతికే పంపండి. సర్వర్ చదివి తలాడించి తిరిగి ఇచ్చేస్తే లెక్కలోకి రాదు.

చేప సంగతి డబ్బుతో పోయింది. మెనూలో ఉన్న ధర 100 గ్రాములకట, చిన్న అక్షరాల్లో. మావాళ్లకు చూపించి తీసుకెళ్లిన చేప కిలో పైనే తూగింది. ఆ ఒక్క చేప ఖర్చు మిగతా ఐదుగురి తిండి ఖర్చును మించింది, దాని మీద సర్వీస్ ఛార్జ్. తూకం వేయించి మొత్తం ఎంతో చెప్పించుకున్నాకే సరే అనండి.

ఆ రాత్రి లాడ్జిలో తీరిగ్గా అదే హోటల్ రివ్యూలు చూశాను. బాగుందన్నవన్నీ ఒకే తీరు, ఒక్క లైను. తక్కువ స్టార్లు ఇచ్చినవాళ్లు మాత్రం ఆలస్యం గురించీ చేప తూకం గురించీ వివరంగా రాశారు. కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, తక్కువ స్టార్లవి నాలుగు చదివి, రివ్యూల్లో “అలర్జీ”, “వెజ్”, “లేటు” అని వెతికితే మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలు మేం పెట్టలేదు.

మేం చేసిన అసలు పొరపాటు ఏంటంటే, ఏడుగురికీ కొంచెం కొంచెం నచ్చేది వెతికాం. చేప లేకపోతే మా ఆయన మొహం మాడ్చుకుంటాడు, అంతే. నువ్వులు తగిలితే పెద్దదాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టి చూశాం. మర్నాడు ముందు పెద్దదానికీ మామగారికీ అత్తయ్యకూ సరిపడే చోటు చూసి, పదకొండింటికే ఫోన్ చేసి, ఆర్డర్ కూడా చెప్పేసి పన్నెండున్నరకు వెళ్లాం. ఒక్క పేజీ మెనూ. నువ్వుల గురించి అడిగితే అక్కడి అమ్మాయి “ఆగండి, కనుక్కొని వస్తాను” అని లోపలికి వెళ్లింది. చిన్నోడికి పప్పులో కారం తగిలింది, పాలు తాగించాక సర్దుకున్నాడు. కారం మంట నీళ్లకు పోదు, పాలకు పోతుంది.

చేప లేదు. మావాళ్లిద్దరూ సాయంత్రం వేరేచోట తిని వచ్చారు, ఈసారి తూకం వేయించుకునే.