లారీ రేడియేటర్‌కి కొత్త కోర్ వేయిస్తున్నారా? రంగు చూసి డబ్బు ఇవ్వకండి

లారీ ఓనర్లు, డ్రైవర్లు గమనించండి. లీకవుతున్న రేడియేటర్ ఇస్తే, రాగి కోర్ (నీళ్లు చల్లబడే ట్యూబులు, రేకులు ఉన్న మధ్యభాగం) వేశామని చెప్పి నల్లరంగు కొట్టిన నాసిరకం కోర్ అంటగట్టే షాపులున్నాయి. రంగు పడ్డాక పైకి తేడా తెలియదు. బండి ఖాళీగా తిరిగినన్నాళ్లూ బాగానే ఉంటుంది. ఎండల్లో ఫుల్ లోడుతో ఘాట్ ఎక్కితే హీట్ ముల్లు లేస్తుంది. అప్పుడు తప్పు వాటర్ పంపు మీదకు తోసేస్తారు.

అసలు కిటుకు వరసల్లో ఉంటుంది. నాలుగు వరసల ట్యూబులున్న కోర్ తీసేసి మూడు వరసలది పెడతారు. ఫిన్స్, అంటే ట్యూబుల మధ్య సన్నటి రేకులు, కూడా అంతే. అంగుళానికి 12 ఉన్నచోట 8 వేస్తే, వేడిని గాలికి వదిలే రేకులో మూడో వంతు పోయినట్టే. అందుకే బండి నుంచి దించగానే కోర్ మందం కొలవండి, స్కేలు ఆనించి ఫిన్స్ లెక్కపెట్టండి, ఫొటో తీసి ఉంచుకోండి. వరసలు రేడియేటర్ ట్యాంకు (కోర్ చివర నీళ్లు నిలిచే డబ్బా) ఊడదీస్తేనే సరిగ్గా కనబడతాయి కాబట్టి ఆ సమయానికి అక్కడే ఉండండి. కొత్త కోర్‌కి ట్యాంకు అతికించే ముందు కూడా చూడాలి: సోల్డర్ కారి ట్యూబు నోళ్లు మూసుకుపోతే ఆ తర్వాత కనిపెట్టడం కష్టం.

లోహం సంగతి. మేకు మొనతో ఒక మూల రంగు గీకండి. రాగి ఫిన్ ఎర్రగా, అల్యూమినియం తెల్లగా కనిపిస్తుంది. అయస్కాంతం అంటుకుంటే అది ఇనుము. అల్యూమినియం చెడ్డదని కాదు, కొత్త బండ్లకు కంపెనీ నుంచే ప్లాస్టిక్ ట్యాంకుల అల్యూమినియం రేడియేటర్లు వస్తున్నాయి. రాగి ధర తీసుకుని అది ఇవ్వడమే మోసం. అల్యూమినియం రేడియేటర్‌ని కాస్టిక్ సోడాలో వేసి కడుగుతామంటే మాత్రం ఒప్పుకోకండి, లోహాన్నే తినేస్తుంది.

పాత రాగి కోర్‌ని ఊరికే వదిలేయొద్దు. అది మంచి ధర పలికే తుక్కు. మీ ఎదుటే కాటా వేయించి, ఆ రోజు రేటు కట్టి బిల్లులో తగ్గించమనండి.

కోర్ మార్చకుండా మాటు వేయించుకునేవాళ్లు ఒకటి అడగాలి: ఎన్ని ట్యూబులు మూసేశారు? కారే ట్యూబుని రెండు చివర్లా మూసేయడం మామూలే. ఒకటి రెండైతే నష్టం లేదు. పది మూసేసి చెప్పకపోతే ఆ బండి లోడు లాగలేదు.

టెస్ట్ చూడకుండా డబ్బు ఇవ్వకండి. నీళ్లు పోసి, కారట్లేదని చూపిస్తే అది టెస్ట్ కాదు. పైపు నోళ్లన్నీ బిగించి, నీళ్ల తొట్టిలో ముంచి, క్యాప్ మీద రాసిన ప్రెషర్‌కి గాలి కొట్టాలి. 1.1 బార్ అంటే గేజ్ మీద దాదాపు 16 పాయింట్లు (psi). ఐదు నిమిషాలు ఒక్క బుడగా రాకూడదు. గేజ్ లేకుండా టైరు కంప్రెసర్ గాలి నేరుగా వదలనివ్వకండి, ట్యాంకు చీలిపోతుంది.

అసలు లీకు రేడియేటర్‌దేనా అన్నది ముందే తేల్చుకోండి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు క్యాప్ తీసి స్టార్ట్ చేయండి. రేజ్ చేసినప్పుడల్లా బుడగలు ఆగకుండా వస్తుంటే అనుమానించాల్సింది ఇంజన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్‌ని. వేడి మీద క్యాప్ తిప్పితే ముఖం కాలుతుంది. క్యాప్ స్ప్రింగు, రబ్బరు కూడా చూడండి. ప్రెషర్ నిలవకపోతే 120 డిగ్రీల దాకా ఆగాల్సిన నీళ్లు 100 దగ్గరే మరుగుతాయి, రేడియేటర్ బాగున్నా పొంగిపోతుంది.

దారిలో పసుపు, లీక్ పౌడర్ పోసి ఉంటే షాపులో దాచకుండా చెప్పండి. ఆ ముద్ద సన్నటి ట్యూబుల్లో పేరుకుంటుంది. ఇంజన్ బ్లాకు, హోస్‌లు కడగకుండా కొత్త కోర్ బిగిస్తే అదంతా మళ్లీ అందులోకే చేరుతుంది.

బిగించేటప్పుడు అరిగిన రబ్బరు బుష్‌లు మార్పించండి. అవి లేకపోతే ఛాసిస్ అదురుకి పైపు మెడ దగ్గర మళ్లీ పగులుతుంది. బిల్లులో ‘రేడియేటర్ వర్క్’ అని ఒక్క ముక్క రాయించుకుంటే ఎందుకూ పనికిరాదు. లోహం, వరసల సంఖ్య, కోర్ మందం, టెస్ట్ ప్రెషర్, గ్యారంటీ నెలలు, పాత కోర్ తూకం అన్నీ రాయించి, సంతకం పెట్టించుకోండి.