బరంపురంలో చిన్న జనరేటర్ కొనేవాళ్లు కాస్త జాగ్రత్త

బరంపురంలోని ఒక షాపువాడు పాత పెట్రోల్ జనరేటర్‌కి రంగేసి, కొత్తదని మాకు అంటగట్టాడు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ఎలా ఊడ్చేసిందో చూసినవాళ్లం కాబట్టి, ఆ నెల వస్తోందంటే ఇక్కడ జనరేటర్ల గిరాకీ పెరుగుతుంది. ఆ గిరాకీలోనే ఇలాంటి సరుకు చెల్లిపోతోంది.

స్టిక్కర్ మీద 3 కేవీఏ అని ఉంది, అంటే అది ఎంత లోడు లాగగలదో చెప్పే అంకె. ‘ఒక హెచ్‌పీ మోటారు, ఫ్రిజ్ రెండూ లాగేస్తుంది సార్’ అన్నాడు. ఇంటికొచ్చాక చోక్ (ఇంజిన్‌కి వెళ్లే గాలిని తగ్గించే మీట) మూయగానే తిరిగేది, చోక్ తీస్తే ఆగిపోయేది. ఆగకపోతే ఇంజిన్ ఒకసారి గుర్రుమని పెరిగి, మరోసారి నీరసించేది. మోటారు వేస్తే లైట్లు మసకబారి బండి చచ్చిపోయేది.

ఏరు దాటితే వచ్చే పాతపట్నం నుంచి మెకానిక్‌ని పిలిపించాం. పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బొరేటర్ కింద గిన్నె విప్పితే అడుగున గోధుమరంగు జిగురు, నిల్వ పెట్రోల్ కంపు. పెట్రోల్ వచ్చే సన్నని జెట్ రంధ్రం మూసుకుపోయింది, అందుకే చోక్ లేకుండా నడవదు. ఇది ఎక్కువకాలం పెట్రోల్‌తో మూలన పడున్న బండికి వచ్చే జబ్బు. సైలెన్సర్ మూతిలో వేలు పెడితే మసి. బోల్టు తలలు పానా పడి అరిగిపోయి, వాటి మీదే కొత్త రంగు. స్టిక్కర్ పీకితే కింద ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే భాగం) ప్లేటు మీద 2 కేవీఏ అని ఉంది!

షాపుకి ఫోన్ చేస్తే ‘మీరు కల్తీ పెట్రోల్ పోశారు, వారంటీ రాదు’ అంటున్నాడు. ఆ మాట ముందే తయారు చేసుకుని కూర్చున్నట్టుంది.

కొనేటప్పుడు షాపులోనే స్టార్ట్ చేయించండి. అంతటితో ఊరుకోకండి, ఇస్త్రీపెట్టె పెట్టి చూడమనండి. మామూలు ఇస్త్రీపెట్టె 750 నుంచి 1000 వాట్లు లాగుతుంది. చోక్ పూర్తిగా తీసేసి, ఆ లోడు మీద కాసేపు నిలకడగా నడవాలి, మల్టీమీటర్‌లో 230 వోల్టులకు దగ్గరగా చూపించాలి. ఒప్పుకోని షాపులో కొనకండి. స్టిక్కర్ కాదు, లోహపు ప్లేటు చదవండి, అందులోనూ మ్యాక్స్ (కాసేపే ఇవ్వగలది) కాదు, రేటెడ్ (ఆగకుండా ఇవ్వగలది) అన్న అంకె. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు 746 వాట్ల కన్నా ఎక్కువే లాగుతుంది, పైగా, స్టార్టింగ్‌లో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. కచ్చా చీటీ వద్దు. జీఎస్టీ బిల్లు మీద ఇంజిన్ నంబర్ రాయించుకోండి.

నిజంగా కొత్తది దొరికినా, దాచేటప్పుడు పెట్రోల్ కాక్ మూసి, దానంతట అది ఆగేదాకా నడపండి. మొదటి ఇంజిన్ ఆయిల్ దాదాపు 20 గంటలకే మార్చాలి. వరండాలో మాత్రం నడపకండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు, ప్రాణం తీస్తుంది.

ఇలాగే ఇరుక్కున్నవాళ్లుంటే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. కేసు వేయాలన్నా బరంపురం పరుగెత్తనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. అది తేలేదాకా బండిని రిపేరు చేయించకండి, అరిగిన బోల్టులే మన సాక్ష్యం.