ఎన్‌పీటీఈఎల్ కోర్సులు, క్రెడిట్ల బదిలీ: రెండేళ్ల వాడకం తరువాత

విజయవాడలో బీటెక్ చదువుతూ, రెండో సంవత్సరం నుంచి కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక ‘స్వయం’పై, ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు చేస్తున్నాను. బోధన విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. వాటికి వచ్చే క్రెడిట్లు, అంటే డిగ్రీ పూర్తికి లెక్కించే యూనిట్లు, మన డిగ్రీలో కలిసే దారిని మాత్రం కోర్సులో చేరకముందే కనుక్కోవాలి.

చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు మాధవన్ ముకుంద్ గారి పైథాన్ ప్రోగ్రామింగ్ కోర్సు గ.సా.భా. లెక్కతో మొదలవుతుంది. కారణాంకాలన్నీ జాబితాలుగా రాసే పద్ధతిని ముందు చూపి, తరువాత ఆ జాబితాలే అక్కర్లేదని తేల్చి, మెట్టుమెట్టుగా యూక్లిడ్ పద్ధతి దాకా తీసుకువెళతారు. బడిలో యాంత్రికంగా చేసిన లెక్కలో ఇంత ఆలోచన ఉందని నాకు అక్కడే తెలిసింది.

మార్కులలో వారం వారం అసైన్‌మెంట్లకు 25, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75 ఉంటాయి. గట్టెక్కాలంటే వాటిలో 10, 30 విడివిడిగా రావాలి. 12 వారాల కోర్సులో మేలైన 8 అసైన్‌మెంట్లనే లెక్కిస్తారు కనుక మిడ్ పరీక్షల వారంలో ఊపిరి పీల్చుకోవచ్చు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే జవాబులు పరీక్ష హాలులో అక్కరకు రావు. పాఠాలు ఉచితం; పరీక్షకు నేను 1,000 రూపాయలు కట్టాను.

ఇక క్రెడిట్లు. 12 వారాల కోర్సుకు 3, 8 వారాలకు 2 క్రెడిట్లని ఎన్‌పీటీఈఎల్ సూచిస్తుంది. యూజీసీ 2021 నిబంధనలు ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు స్వయం కోర్సులను అనుమతిస్తున్నాయి. అయినా ఏ కోర్సును ఏ సబ్జెక్టుకు బదులుగా తీసుకోవాలో కళాశాలే నిర్ణయిస్తుంది. గుంటూరులో చదివే నా స్నేహితురాలు మంచి మార్కులతో కోర్సు పూర్తిచేసినా, అది తన కళాశాల జాబితాలో లేనందువల్ల ఆమెకు సర్టిఫికెట్ మాత్రమే దక్కింది. అందువల్ల పేరు నమోదుకు ముందే విభాగం నుంచి రాతపూర్వక ఆమోదం తీసుకోండి.

మన క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాను డిజిలాకర్ ద్వారా తెరిచేటప్పుడు పేరు జాగ్రత్త. మనకు ఇంటిపేరు పదో తరగతి మెమోలో పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉండడం మామూలే. రెండూ ఒకేలా అయ్యేదాకా నా క్రెడిట్లు ఖాతాలో కనిపించలేదు.

ఇంటర్ చదివే మా తమ్ముడు కూడా ఇప్పుడు ఆ పైథాన్ పాఠాలే వింటున్నాడు. వాడికి ఇంకా ఆ ఖాతా లేదు, రేపు చేరే కళాశాల ఈ సర్టిఫికెట్‌ను లెక్కిస్తుందన్న హామీ అంతకన్నా లేదు. ఈ వయసులో క్రెడిట్ల కోసం కాక, పాఠం కోసమే వినమని చెప్పాను. ఈఏపీసెట్ చదువు సాగుతుండగానే వాడు ప్రతి ఆదివారం ఒక పాఠం పూర్తిచేస్తున్నాడు.