గెస్‌కూ కంజెక్చర్‌కూ నడుమ దూరం: బ్రాడీపేటలో ఒక ఇంగ్లీషు పదాల తరగతి

గుంటూరు బ్రాడీపేటలో ఇంగ్లీషు నేర్పే చోట్లకు కొరత లేదు. చాలా చోట్ల ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు మాట అచ్చేసిన కాగితాలు చేతికిచ్చి, రోజుకు ఇన్ని చొప్పున బట్టీ పట్టమని పంపేస్తారు. పదవీ విరమణ చేసిన ఒక ఇంగ్లీషు అధ్యాపకులు తమ ఇంటి మేడ మీద సాయంత్రం పూట నడుపుతున్న తరగతి ఈ పద్ధతిని పక్కన పెట్టింది. వారానికొక పదాల కుటుంబాన్ని తీసుకుని, దగ్గర దగ్గర అర్థాలున్న ఆ మాటల్లో దేన్ని ఎవరు, ఎప్పుడు, ఎంత బాధ్యతతో వాడతారో విడదీసి చెప్పడం ఇక్కడి పద్ధతి. కోర్టు కాగితాలను తెలుగులోకి తర్జుమా చేయడం నా వృత్తి గనుక, ఊహించి చెప్పడానికి సంబంధించిన మాటల పాఠాన్ని నేను ప్రత్యేక శ్రద్ధతో విన్నాను. ఈ సమీక్ష ముఖ్యంగా ఆ పాఠం గురించే.

పాఠానికి కేంద్రం కంజెక్చర్ అనే మాట. అయితే మాస్టారు దాని అర్థం ముందుగా చెప్పలేదు. మిర్చి యార్డులో రేపు తేజ రకం ఎంత ధర పలుకుతుందన్న ప్రశ్న బోర్డు మీద రాసి, దానికి వేర్వేరు మనుషులు ఇచ్చే జవాబులకు వేర్వేరు ఇంగ్లీషు పేర్లు పెట్టించారు. కమీషన్ ఏజెంటు టిక్కీలోకి, అంటే మిర్చి బస్తాలోకి, చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీస్తాడు. ఒక కాయను విరిచి రంగూ, గింజా, తేమా చూస్తాడు, తాలు ఎంత కలిసిందో గమనిస్తాడు, ఆ తర్వాత ఒక ధర చెబుతాడు. అది ఎస్టిమేట్, అంటే అంచనా. సరుకును కళ్ళతో చూడకుండా, టీ కొట్టు దగ్గర నిలబడి నోటికొచ్చిన లెక్క చెప్పేవాడిది గెస్. శీతల గిడ్డంగుల్లో నిల్వలు తగ్గాయన్న కబురూ, ఎగుమతికి ఆర్డర్లు వస్తున్నాయన్న కబురూ చెవిన పడగా, వాటిని జత చేసి ధర పెరుగుతుందని తీర్మానించేవాడిది కంజెక్చర్. అతని దగ్గర కొంత ఆధారం ఉంది, కానీ తీర్మానాన్ని మోయడానికి అది చాలదు. ఎదుట నిలబడ్డ రైతు ముఖం చూసి, ఇతనికి ఈ రోజే డబ్బు అవసరమని వ్యాపారి పసిగట్టడం సర్మైజ్. ధర పెరుగుతుందన్న నమ్మకంతో సరుకు కొని దాచడం స్పెక్యులేషన్. పత్రికలు ఊహాగానాలు అని రాసే గాలి కబుర్లకూ ఇంగ్లీషులో ఇదే మాట.

గుంటూరు మనుషులకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదని నా అభిప్రాయం. ఈ మాటలన్నీ ఊహకు సంబంధించినవే అయినా, చెప్పేవాడి చేతిలో ఉన్న ఆధారం ఎంత అన్న కొలతే వాటిని విడదీస్తున్నదని, సూత్రంగా బోర్డు మీద రాయకుండానే విద్యార్థులకు బోధపడింది.

గెస్ అనే మాటకు కేటాయించిన సమయం తక్కువే అయినా అది వృథా పోలేదు. తరగతిలో ఇంటర్ పిల్లలు ఎక్కువమంది ఉన్నారు గనుక మాస్టారు పరీక్షలనే ఉదాహరణగా తీసుకున్నారు. ఈఏపీసెట్‌లో తప్పు జవాబుకు మార్కులు కోయరు, నీట్‌లో సరైన జవాబుకు 4 మార్కులు వస్తే తప్పుకు 1 పోతుంది. నీట్‌లో నాలుగు జవాబుల్లో ఒకదాన్ని గుడ్డిగా గుర్తిస్తే సగటున దక్కేది పావు మార్కు మాత్రమే. రెండు జవాబులు కచ్చితంగా తప్పని తెలిసి, మిగిలిన రెండింట్లో ఒకటి ఎంచుకుంటే ఆ సగటు ఒకటిన్నర మార్కులకు చేరుతుంది. ఈ రెండో పనినే ఇంగ్లీషువారు ఎడ్యుకేటెడ్ గెస్ అంటారు. గెస్‌వర్క్ అన్న మాట ఊహించే పని మొత్తానికి పేరు కాబట్టి దానికి బహువచనం ఉండదని, గెస్‌వర్క్స్ అని రాయకూడదని కూడా ఇక్కడే చెప్పారు. కంజెక్చర్ అలా కాదు, ఒక్కొక్క ఊహను లెక్కపెట్టి చెప్పేటప్పుడు దానికి బహువచనం వస్తుంది. పైగా ఆ మాటే నామవాచకంగానూ క్రియగానూ నిలుస్తుంది.

మాట పుట్టుక గురించిన భాగం చిన్నది, చక్కనిది. లాటిన్‌లో విసరడం అనే అర్థమున్న ధాతువుకు, కలిపి అనే అర్థమిచ్చే ఉపసర్గ చేరి కంజెక్చర్ వచ్చింది. దొరికిన విషయాలను ఒకచోటికి విసిరి కూర్చడం దాని తొలి భావం. మనం రోజూ అనే ప్రాజెక్టు, రిజెక్టు, ఇంజెక్షన్ కూడా ఆ ధాతువు పిల్లలేనని చెప్పగానే వెనక బెంచీలో కూర్చున్నవారు కూడా పుస్తకాలు తెరిచారు.

అసలు సారం ఆ తర్వాత వచ్చింది. కంజెక్చర్‌కు గణితంలో ఉన్న గౌరవం వేరు, న్యాయస్థానంలో ఉన్న స్థానం వేరు. ఈ తేడాను నిదానంగా, ఉదాహరణలతో నేర్పడం వల్లే ఈ తరగతికి డబ్బు కట్టవచ్చని నేను చెప్పగలుగుతున్నాను. రెండుకు మించిన ప్రతి సరి సంఖ్యనూ రెండు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయవచ్చన్న ఆలోచనకు మూలం 1742లో గణితవేత్త గోల్డ్‌బాక్ మరో గణితవేత్త ఆయిలర్‌కు రాసిన లేఖ. నేటికీ దానికి రుజువు లేదు, తప్పని చూపే ఉదాహరణా దొరకలేదు. అందుకే దాన్ని సిద్ధాంతం అనకుండా గోల్డ్‌బాక్ కంజెక్చర్ అనే పిలుస్తారు. మన రామానుజన్ 1916లో ప్రతిపాదించిన ఒక కంజెక్చర్‌ను 1974లో డెలీన్ రుజువు చేశారు. పాయింకరే 1904లో లేవనెత్తినదాన్ని పెరెల్మాన్ 2002, 2003 సంవత్సరాల్లో వెలువరించిన వ్యాసాలతో పరిష్కరించారు.

కూలిపోయిన కంజెక్చర్‌ను చూపించడం కోసం మాస్టారు ఎంచుకున్నది ఆయిలర్‌దే. ఒక సంఖ్యను ఐదుసార్లు వేసి గుణిస్తే వచ్చేది దాని ఐదో ఘాతం. ఒక ఐదో ఘాతాన్ని ఐదో ఘాతాల మొత్తంగా రాయాలంటే కనీసం ఐదు కావాలన్నది 1769 నాటి ఆయన ఊహలో ఒక భాగం. దాదాపు రెండు వందల ఏళ్ళు నిలిచిన ఆ ఊహ, 1966లో కంప్యూటరు సాయంతో దొరికిన ఒక్క ఉదాహరణతో పోయింది. 27, 84, 110, 133 సంఖ్యల ఐదో ఘాతాలను కలిపితే 144 ఐదో ఘాతం వస్తుంది. మాస్టారు నలుగురు పిల్లలను బోర్డు దగ్గరకు పిలిచి ఒక్కొక్కరి చేత ఒక్కో లెక్క చేయించారు. చివరి మొత్తం 61,917,364,224 అని తేలినప్పుడు, ఐదో పిల్ల వేరుగా వేసిన 144 లెక్క దానితో అంకె తేడా లేకుండా సరిపోయింది. ఇంగ్లీషు తరగతిలో ఇంత అంకగణితం అవసరమా అని కొందరికి అనిపించవచ్చు. నాకు మాత్రం అవసరమే అనిపించింది. ఎంత పెద్ద పండితుడి నోట వచ్చినా, రుజువయ్యేదాకా అది కంజెక్చరేనన్న విషయం నిఘంటువు చూసినవాడికంటే ఆ కూడిక చేసిన పిల్లలకే బాగా గుర్తుంటుంది.

న్యాయస్థానంలో ఈ మాట నింద. 1952లో హనుమంత్ గోవింద్ నర్గుంద్కర్ కేసులో సుప్రీంకోర్టు, పరిస్థితుల సాక్ష్యం మీద ఆధారపడిన కేసుల్లో చట్టబద్ధమైన రుజువు ఉండవలసిన చోట కంజెక్చర్ గానీ అనుమానం గానీ చేరే ప్రమాదం ఎప్పుడూ ఉంటుందని హెచ్చరించింది. నేలపాడులోని హైకోర్టుకు వెళ్ళే అప్పీళ్లలో కింది కోర్టు తీర్పు సర్మైజులూ కంజెక్చర్ల మీద నిలబడిందన్న వాదన నిత్యం కనిపించేదే. తరగతిలో ఉన్న ఒక లా విద్యార్థిని, "మాస్టారూ, పొగను చూసి నిప్పుందని చెప్పడం కూడా కంజెక్చరేనా?" అని అడిగింది. "కాదమ్మా, అది ఇన్ఫరెన్సు. పొగకూ నిప్పుకూ విడదీయలేని సంబంధం ఉందని నీకు ముందే తెలుసు" అని ఆయన జవాబిచ్చి, ప్రాచీన న్యాయ దర్శనంలో, అంటే తర్కశాస్త్రంలో, అనుమానం అంటే ఇదేనని, నేటి వాడుకలో ఆ మాట సందేహం వైపు జరిగిందని వివరించారు. పాత తర్కగ్రంథాల తెలుగునూ నేటి కోర్టు తెలుగునూ కలిపి చదవవలసిన మావంటివారికి ఈ రెండు నిమిషాల వివరణ ఎంతో ఉపకరిస్తుంది.

లోపాలు కూడా చెప్పాలి. మొదటిది అచ్చు నోట్సు. నోటితో ఇంత సూక్ష్మంగా విడదీసిన మాటలన్నింటికీ నోట్సులో ఊహ అన్న ఒక్క అర్థమే ఇచ్చారు. ఆ నోట్సును నమ్మి సర్మైజులు, కంజెక్చర్లు అన్న జంటను తెలుగు చేస్తే ఊహలు, ఊహలు అని రాయవలసి వస్తుంది. ఎస్టిమేట్‌కు అంచనా, స్పెక్యులేషన్‌కు ఊహాగానం లేదా సట్టా వ్యాపారం, సర్మైజ్‌కు మనసుకు తోచినది, కంజెక్చర్‌కు ఆధారం చాలని ఊహ అని సందర్భాన్ని బట్టి అచ్చు వేయించడం పెద్ద పని కాదు. గెస్, ఎస్టిమేట్ కలిసి పుట్టిన గెస్టిమేట్‌కు ఉజ్జాయింపు అన్న మంచి తెలుగు మాట సిద్ధంగా ఉంది, కానీ ఆ మాట పాఠంలోకే రాలేదు. రెండోది ఉచ్చారణ. కంజెక్చర్‌లో ఊనిక రెండో అక్షరం మీద పడుతుంది. మాస్టారు సరిగ్గానే పలికారు, కానీ పిల్లల చేత పలికించలేదు. తరగతి అయ్యాక మెట్లు దిగుతూ చాలామంది మొదటి అక్షరాన్నే ఒత్తి పలుకుతున్నారు. మూడోది, అమెరికావారి సంభాషణలో ఐ గెస్ అంటే తరచుగా నాకు అనిపిస్తోంది అన్నంత మాత్రమేనన్న సంగతి చెప్పలేదు. సాఫ్ట్‌వేరు ఉద్యోగాలకు వెళ్ళేవారికి ముందుగా ఎదురయ్యే వాడుక అదే.

మేడ గదిలో ఫ్యాన్లు చాలవు, వేసవిలో ఇబ్బందే. నెలకు పన్నెండు వందల రుసుము బ్రాడీపేటలో ఎక్కువేమీ కాదు. బ్యాంకు పరీక్షకు వారం రోజుల్లో వెయ్యి మాటలు కావాలనుకునేవారికి ఈ తరగతి పనికిరాదు. జూనియర్ న్యాయవాదులు, విలేకరులు, అనువాదకులు, ఇంగ్లీషులో వ్యాసం రాయవలసిన గ్రూప్స్ అభ్యర్థులు నిస్సంకోచంగా చేరవచ్చు. వారం మధ్యలో చేరినా ఫరవాలేదు, ప్రతి సోమవారం కొత్త పదాల కుటుంబం మొదలవుతుంది. నోట్సు విడిగా అమ్మరు, తరగతికి వచ్చినవారికే ఇస్తారు. దాన్ని తిరిగి అచ్చు వేయించే ముందు అర్థాల వరుసను సరిదిద్దవలసిందిగా మాస్టారిని కోరాను. మార్చవలసిన మాటల పట్టిక రాసి తెమ్మన్నారు, రాసి ఇచ్చాను.