అద్దె ఇళ్ల రిపేర్లు మనిషికి అప్పగించి 4 ఏళ్లు: నా అనుభవం

అద్దెకిచ్చిన పోర్షన్లు నాకు మూడున్నాయి. కుళాయి కారినా, బల్బు వెలగకపోయినా ఒకప్పుడు నేనే పరిగెత్తేవాణ్ని. 4 ఏళ్ల కిందట ఈ పనులు చూడడానికి నెలజీతం మీద ఒక మనిషిని పెట్టుకున్నాను.

మొదటి ఆరు నెలలూ దండగే. తప్పు అతనిది కాదు. జీతం ఇస్తూ కూడా ప్రతి పనికీ వెళ్లి వెనకాల నిలబడేవాణ్ని. ఒకసారి ఫ్లష్ ట్యాంకులో ఫ్లోట్ మారుస్తుంటే "ఇటివ్వు" అని స్పానర్ లాక్కుని బిగించాను. ప్లాస్టిక్ నట్టు టప్పున చిట్లింది. అతను ఏమీ అనకుండా సంచిలోంచి ఇంకో నట్టు తీశాడు. మళ్లీ స్పానర్ ముట్టుకోలేదు నేను.

నెల అద్దెలో పదో వంతు లోపు ఖర్చయితే నన్ను అడగక్కర్లేదు, ఆపైన అయితే ఫోన్ చెయ్యాలి అని మాట్లాడుకున్నాక పని నడిచింది. ముందొక ఫోటో, తర్వాతొక ఫోటో, సామాను బిల్లు పంపితే చాలు. అద్దెవాళ్లు అలవాటుకొద్దీ నాకే ఫోన్ చేసేవారు. "అతనికి చెప్పండి" అనడానికి నాకున్న మొహమాటం అంతా ఇంతా కాదు.

పెద్ద దెబ్బ బాత్రూమ్ అవతలి గోడ దగ్గర తగిలింది. తడి మరక కనిపిస్తే పెయింట్ వెయ్యమన్నాను, వేశాడు. పొరలు పొరలుగా ఊడింది. మళ్లీ వేయించాను, మళ్లీ ఊడింది. మూడోసారి "ఈ తడి ఎక్కణ్నుంచి వస్తోందో చూడు" అన్నాను. రాత్రి కుళాయిలన్నీ కట్టేయించి, ట్యాంకులో నీటిమట్టం దగ్గర సుద్దముక్కతో గీత పెట్టాడు. పొద్దున్నకి నీళ్లు గీతకి నాలుగు వేళ్లు కిందకి దిగాయి. గోడ పగలగొడితే లోపల ఎల్బో (పైపు మలుపు దగ్గర వేసే జాయింటు) కారుతోంది. అప్పట్నుంచి ఏం చెయ్యాలో చెప్పడం మానేసి, ఏం ఇబ్బందో మాత్రం చెబుతున్నాను.

కరెంటు పని మాత్రం అతనికి ఇవ్వను. ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయి కరెంటు ఆపే స్విచ్) మాటిమాటికీ పడిపోతోందని 16 ఆంప్స్‌ది తీసేసి 32 ఆంప్స్‌ది పెట్టాడొకసారి. పడిపోవడం ఆగింది కానీ, లోపలి వైరు అంత లోడు మోయలేదు కదా! వైరు వేడెక్కినా ఆ ఎంసీబీ పడదు. ఆ పనికి ఎలక్ట్రీషియనే రావాలి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు లెక్క కూడా నేనే చూస్తాను.

ఆదివారం అతను ఫోన్ ఎత్తడు. మొదట్లో కోపమొచ్చేది. ఇప్పుడు ఆ రోజు ఏదైనా కారితే వాళ్లే ఆపుకునేలా, కొత్తగా దిగినవాళ్లకి నీళ్ల వాల్వ్ ఎక్కడుందో, ఎటు తిప్పితే నీళ్లు ఆగుతాయో మొదటిరోజే చూపించేస్తున్నాం.