పాత కోరియన్ గట్టు ముక్కలు: ఎనిమిదేళ్లు వాడాక

2017లో మా కూకట్‌పల్లి ఫ్లాట్‌లో వంటింటి గట్టు తీసేసి నల్ల గ్రానైట్ వేయించాం. తీసింది తెల్ల కోరియన్, అంటే చూడ్డానికి రాయిలా ఉండే ప్లాస్టిక్ జాతి షీటు. ఫ్లాట్ కొన్నప్పటి నుంచీ ఉన్నదే. స్టవ్ కోసం కోసిన కంత మూలలో సన్నగా పగులు మొదలై, రెండేళ్లలో జానెడు పాకింది. "దీన్ని కింద పడేయమంటారా సార్?" అని మేస్త్రీ అడిగాడు. పాత సామాన్లు కొనేవాళ్లని ఇద్దరిని పిలిచాం, ఇద్దరూ వద్దన్నారు. ఇనుములా తూకానికి పోయేది కాదు, మామూలు ప్లాస్టిక్‌లా కరిగించి మళ్లీ పోసేదీ కాదు. కానీ పడేయడానికి నాకు మనసొప్పలేదు. పగిలింది జానెడు, మిగతాదంతా నిక్షేపంలా ఉంది. పగులు, సింకు కంత, స్టవ్ కంత పోగా దాదాపు పదహారు చదరపు అడుగులు మిగిలింది. ఎనిమిదేళ్లుగా ఆ ముక్కలతోనే ఒక్కొక్కటీ చేసుకుంటూ వచ్చాను. ఏది నిలబడిందో, ఏది పాడైందో చెప్తాను.

మన దగ్గర ఏ కంపెనీ షీటునైనా కోరియన్ అనే అంటారు. నిజానికి అది డ్యూపాంట్ వాళ్లు పెట్టిన పేరు, 1967లో తయారుచేశారు. ఇందులో మూడో వంతు అక్రిలిక్, మిగతాది బాక్సైట్ నుంచి తీసే అల్యూమినియం ట్రైహైడ్రేట్ పొడి. ముఖ్యమైన సంగతేమిటంటే దీనికి పైపూత ఉండదు. మా షీటు 12 మిల్లీమీటర్ల మందం, ఆ మందమంతా ఒకటే రంగు. పైన గీతలు పడి, మెరుపు పోయి మాసిపోయినా, ఆ పొర అరగదీస్తే కింద కొత్తదే.

మొదట చేసింది చపాతీ పీట. అడుగు వెడల్పున గుండ్రంగా గీసి, సన్న పళ్ల బ్లేడు పెట్టిన జిగ్ సా (చేత్తో నడిపే కరెంటు రంపం)తో కోశాను. కోస్తుంటే పళ్ల డాక్టరు దగ్గర వచ్చే వాసన వచ్చింది. పళ్ల సెట్లు చేసేది కూడా ఈ జాతి అక్రిలిక్‌తోనే. అంచులు ఆకురాయితో గుండ్రంగా తీసి, నీళ్లు చల్లుతూ 180 నంబర్ ఎమరీ పేపర్, తర్వాత 320, చివర 600 పట్టాను. చేతిని సున్నాలు చుడుతున్నట్టు తిప్పాలి, ఒకే వైపు రుద్దితే గీతలు కనిపిస్తాయి. మొదటి పేపర్‌తో పాలలాంటి తెల్లనీళ్లు కారాయి, పాత కత్తి గాట్లన్నీ వాటితో పోయాయి. తుడిచి చూస్తే కోడిగుడ్డు పెంకు మీద ఉండేలాంటి నునుపు, చల్లదనం.

పీట కిలోన్నర దాకా తూగుతుంది. కింద తడి గుడ్డ వేస్తే ఎంత ఒత్తినా కదలదు. అమ్మ మొదటి రోజే "ఒరేయ్, పొడి పిండి సగం కూడా పట్టట్లేదురా" అంది. ఆమె చెక్క పీట వానాకాలంలో ఉబ్బి, బూజు వాసన వచ్చేది. దీనికి ఆ బాధ లేదు, నీరు లోపలికి దిగదు. ఒకసారి ఆవకాయ జాడీ దీని మీద పెట్టి ఊరెళ్లాం. తిరిగొచ్చేసరికి అడుగున ఎర్రటి నూనె చుట్టు. గిన్నెలు తోమే పొడి వేసి స్క్రబ్బర్‌తో రెండు నిమిషాలు రుద్దితే పూర్తిగా పోయింది. ఈ ఎనిమిదేళ్లలో పీటని మూడుసార్లు అరగదీశాను, అంతే. నేను చేసినవాటిలో నూటికి నూరు మార్కులు దీనికే.

అదే ధైర్యంతో ఇంకో ముక్కని కూరగాయలు తరిగే పలకగా పెట్టాను. అది తప్పు. ఉల్లిపాయలు, బెండకాయలు తరిగిన వారానికే గీతలతో నిండిపోయింది, కత్తి కూడా తొందరగా మొద్దుబారింది. పైగా ఆ గాట్లలోంచి లేచే రజను తిండిలో కలుస్తుందన్న ఆలోచనే నచ్చలేదు. ఆపేశాను.

బాత్రూమ్ అరల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. కోరియన్‌కి సరిగ్గా సరిపోయే చోటు అదే. తడి, సబ్బు, షాంపూ దేనికీ చలించదు. ప్లైవుడ్ అర రెండేళ్లకి పొరలు విడిపోయే చోట ఇది ఇప్పటికీ అలాగే ఉంది. కానీ మొదటి అర రెండు నెలల్లో విరిగింది. నీళ్ల పైపుకి దారి ఇవ్వడానికి మూలలో ఎల్ ఆకారంలో కోశాను, లోపలి మూల పదునుగా వదిలేశాను. బకెట్ తగిలిన రోజు సరిగ్గా ఆ మూల నుంచే పగిలింది. అప్పుడు పాత గట్టు గుర్తొచ్చింది. అదీ ఇలాగే కదా! స్టవ్ బిగించడానికి వచ్చినవాళ్లు కంతని చతురస్రంగా, మూలలు పదునుగా కోసి వెళ్లారు. దానికి స్టవ్ వేడి తోడైంది. ఈ పదార్థంలో లోపలి మూల ఎప్పుడూ గుండ్రంగా ఉండాలి. ముందు మూలలో డ్రిల్‌తో బెజ్జం వేసి, ఆ బెజ్జం దాకా కోసి ఆపాలి. రెండో అర అలాగే చేశాను, ఏడేళ్లయింది, వెంట్రుకంత పగులు కూడా లేదు. ఇంకో జాగ్రత్త, దీనికి నేరుగా స్క్రూ బిగించకండి. ఇందులో చెక్కలా మరలు పట్టవు, బలవంతం చేస్తే పగులుతుంది. నేను స్టీలు బ్రాకెట్ల మీద సిలికాన్ చుక్కలు పెట్టి కూర్చోబెట్టాను.

పూజ అలమరలో కూడా ఒక పలక వేశాం. హైదరాబాద్‌లో కోరియన్ మందిరాలు చేసే షాపులు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో మా ముక్క మీదే మిషన్‌తో చిన్న ముగ్గు చెక్కించాం, కూలి నాలుగు వందలు తీసుకున్నారు. కుంకుమ, పసుపు, నూనె ఏది పడినా తుడిస్తే పోతుంది. నిప్పుతో మాత్రం జాగ్రత్త. ఒక కార్తీక మాసంలో వెలుగుతున్న కర్పూరం బిళ్ల జారి పడి, రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చ చేసింది. ఎమరీతో పోయింది కానీ అక్కడ చిన్న పల్లం మిగిలింది, వేలితో తడిమితే తెలుస్తుంది. అప్పటి నుంచి కుందుల కింద ఇత్తడి పళ్లెం ఉంటుంది. వంటింట్లో కూడా దించిన కుక్కర్‌ని నేరుగా దీని మీద పెట్టొద్దు. చూడ్డానికి రాయిలా ఉన్నా, వేడి విషయంలో ఇది ప్లాస్టిక్కే.

బాల్కనీలో పూల కుండీలకి వేసిన మూడడుగుల పలక నన్ను బాగా నిరాశపరిచింది. రెండు చివర్లా ఇటుకలు పెట్టి మధ్యలో ఖాళీ వదిలాను. మూడు వేసవులకి మధ్యలో వంగింది, తెలుపు పసుపెక్కింది. తర్వాత తెలుసుకున్నాను, పాలిస్టర్ కలిపిన షీట్లు ఎండకి ఇలా రంగు మారతాయి, స్వచ్ఛమైన అక్రిలిక్ అంత మారదు. మాది ఏ రకమో బిల్లు మీద రాయలేదు. మీ ముక్క ఎండలో పెట్టాలనుకుంటే ముందు చిన్న ముక్కని ఒక వేసవి ఎండబెట్టి చూడండి.

కోత గురించి ఒక్క మాట గట్టిగా చెప్తాను. దీని దుమ్ము ముగ్గు పిండిలా మెత్తగా లేచి గదంతా పరుచుకుంటుంది. ఏళ్ల తరబడి ఈ దుమ్ములో పనిచేసిన ఒక కార్మికుడి ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడిన సంగతి 2014లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మనం చేసేది ఏడాదికి ఒకటో రెండో ముక్కలే అయినా ఎన్95 మాస్కు పెట్టుకోండి, మేడ మీదే కోయండి, అరగదీసేది తడిగా అరగదీయండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. మా అబ్బాయికి ఆస్తమా ఉంది కాబట్టి కోత అయ్యాక మేడంతా తడి గుడ్డతో తుడిచాకే కిందికి దిగుతాను.

మిగిలిన సన్న ముక్కలు సొరుగు పిడులయ్యాయి. తలుపు చేసిన వడ్రంగి మేస్త్రీ ఒక రెండడుగుల పట్టీ అడిగి తీసుకెళ్లాడు. రౌటర్ (చెక్కలో గాడి తీసే మిషన్) ఆనించి నడపడానికి చెక్క పట్టీ వానకి వంకరపోతోందట, ఇది పోవట్లేదట. మొన్న వచ్చినప్పుడు చూశాను, అంచు నల్లబడింది కానీ ఇంకా అదే వాడుతున్నాడు.

ఇప్పుడు మంచం కింద అడుగున్నర ముక్క ఒకటే ఉంది. విజయవాడ నుంచి అక్క ఫోన్ చేసి తనకీ ఒక పీట కావాలంది. సంక్రాంతికి వెళ్లేలోపు కోయాలి.