పర్లాకిమిడి రైల్వే స్టేషను: చిన్న రైలు నాటి నుంచి నేటి దాకా

నేను పర్లాకిమిడిలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ని. మా అక్కను టెక్కలిలో ఇచ్చారు కనుక, నౌపడా నుంచి గుణుపురం వెళ్లే ఈ మార్గంలోని మా స్టేషనును చిన్నతనం నుంచీ వాడుతున్నాను.

పర్లాకిమిడి రాజావారు వేయించిన ఈ లైను మీద 1900లో బండ్లు మొదలయ్యాయి. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే కావడం వల్ల దాన్ని మేము చిన్న రైలు అనేవాళ్లం. పొలాల పక్కన అది ఎంత నెమ్మదిగా సాగేదో తలచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. బ్రాడ్‌గేజిగా మార్చడానికి 2004లో దాన్ని ఆపివేశారు, మళ్లీ మా ఊరికి బండి 2010లో గాని రాలేదు. ఆ ఆరేళ్లూ అక్కను చూడాలంటే, ముసలి అమ్మను వెంటబెట్టుకొని, కిక్కిరిసిన బస్సులో నిలబడి వెళ్లవలసి వచ్చింది. స్టేషను విలువ నాకు తెలిసింది అప్పుడే.

ఇక్కడ నాకు అన్నిటికన్నా నచ్చేది మనుషుల కలయిక. మాది ఒడిశా, తరువాతి స్టేషను పాతపట్నం ఆంధ్రప్రదేశ్. 1936లో రాష్ట్రాలు వేరయినా పెళ్లిసంబంధాలు వేరు కాలేదు. అందుకే బండి కోసం ఎదురుచూసేవాళ్లలో సగంమంది చుట్టాల ఇళ్లకు వెళ్లేవాళ్లే ఉంటారు. ఒకే బల్ల మీద తెలుగూ ఒడియా కలిసి వినబడతాయి, గుణుపురం వైపు నుంచి వచ్చే సవరల మాట కూడా అప్పుడప్పుడు చెవిన పడుతుంది. సవర భాషకు జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇదే కదా అని అప్పుడు నాకు గర్వంగా ఉంటుంది.

టికెట్టు ధర బస్సు కంటే బాగా తక్కువ. విశాఖపట్నం ఆసుపత్రులకు వెళ్లే రోగులకు, కుదుపులు లేకుండా కూర్చొని వెళ్లే వీలున్నందున, బండే మేలని నా అనుభవం.

లోటల్లా బండ్లు కొద్దిగా ఉండటమే. ఒకటి తప్పిపోతే ఆ పూట ప్రయాణం మానుకోవాలి, లేదా బస్టాండుకు పరుగెత్తాలి. పొద్దుపోయాక దిగితే ఆటో దొరకడం కష్టం గనుక, నేను ముందే తెలిసిన ఆటో అబ్బాయికి ఫోను చేసి పెట్టుకుంటాను. కొత్తగా వచ్చేవాళ్లు కూడా తిరుగు బండి వేళ చూసుకున్నాకే బయలుదేరాలి. మధ్యాహ్నం పూట టెక్కలి దాకానైనా మరో బండి వేస్తే, రోజూ పనులకూ చదువులకూ వెళ్లివచ్చేవాళ్లందరూ ఈ స్టేషనుకే వస్తారని నా గట్టి నమ్మకం.